చేరినవాళ్ల లెక్క పక్కనపెట్టి మిగిలినవాళ్ల లెక్క తీయండి

మీ ప్రశ్న సారాంశం ఇది: ఆదోనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, రాయలసీమ యూనివర్సిటీ అనుబంధం. బీకాం, బీఎస్సీ ఉన్నాయి, ఈమధ్యే బీసీఏ పెట్టారు. అడ్మిషన్లు ఏటా తగ్గుతున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో తెలియదు, జీతాలు నెల తప్పుతున్నాయి. కరెస్పాండెంట్ గారేమో న్యాక్‌కు (కాలేజీలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) వెళ్దాం, ఇంకో రెండు కోర్సులు తెద్దాం అంటున్నారు. కో-ఆర్డినేటర్‌గా మీరు ముందు దేని సంగతి చూడాలి?

నా సమాధానం సూటిగా చెప్తాను సార్. న్యాక్‌నీ కొత్త కోర్సుల్నీ ఆర్నెల్లు ఆపండి. మొదటి ఏడాది చేరిన పిల్లల్లో చివరి ఏడాదికి ఎంతమంది మిగులుతున్నారో ఆ లెక్క తీయండి. మీ డబ్బు, మీ రిజల్టు, మీ న్యాక్ గ్రేడు, ఊళ్లో మీ పేరు అన్నీ అక్కడే పోతున్నాయి.

కొత్త పిల్లలు ఎందుకు తగ్గుతున్నారో ముందు ఒప్పుకుందాం. దీంట్లో మీ కాలేజీ తప్పు సగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. అంటే ఇంటర్ దాటి వచ్చే పిల్లల సంఖ్య ఇకమీద పెరిగేది లేదు. ఇంకోపక్క కాలేజీలు దండిగా ఉన్నాయి. 2021-22 ఉన్నత విద్యా సర్వేలో 18-23 ఏళ్ల వయసున్న లక్షమందికి దేశంలో సగటున 30 కాలేజీలుంటే మన రాష్ట్రంలో 49 దాకా ఉన్నాయి. దీనికి తోడు 2024-25 నుంచి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ బాగా నడిచే ఇంజనీరింగ్ కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది. ఈఏపీసెట్‌లో ఏ ర్యాంకు వచ్చినా ఏదో ఒక చోట కంప్యూటర్ సైన్సు సీటు దొరుకుతోంది. మొన్నటిదాకా మీ బీఎస్సీ కంప్యూటర్స్‌లో చేరిన పిల్లవాడు ఇవాళ కర్నూలుకో, తిరుపతికో, బెంగళూరుకో బస్సెక్కుతున్నాడు. ఈ గాలిని ఒక కాలేజీ ఆపలేదు. ఊరూరా కరపత్రాలు పంచి, ఇంటర్ కాలేజీ వాళ్లకు తలకింత అని కమీషన్ ఇచ్చి తెచ్చుకున్న పిల్లలు దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాకపోతే ఆ ఖర్చంతా నీళ్లపాలే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. ఒక సెక్షన్‌లో 60 మంది చేరారు. రెండో ఏడాదికి 41 మంది, మూడో ఏడాదికి 36 మంది మిగిలారు. ఒక్కొక్కరి ఏడాది ఫీజును ఒకటిగా లెక్కేస్తే, మూడేళ్లలో మీకు అందిన ఫీజు ఏడాదులు 60, 41, 36 కలిపి 137. అందరూ మిగిలి ఉంటే 180. పోయినవి 43. ఈ 43ను కొత్త అడ్మిషన్లతో పూడ్చాలనుకోండి. ఇప్పటి తీరులో ఒక్కో కొత్త విద్యార్థి సగటున 2.28 ఏళ్లే ఉంటున్నాడు. కాబట్టి ఇంకో 19 మందిని కొత్తగా చేర్చాలి. మీ ఊళ్లో అదనంగా 19 అడ్మిషన్లు తేవడం తేలికా, మొదటి ఏడాదే పోయే 19 మందిలో ఓ డజను మందిని నిలబెట్టుకుని ఆ 43లో 24 దాకా తిరిగి తెచ్చుకోవడం తేలికా? కరెస్పాండెంట్ గారి ముందు ఈ ఒక్క కాగితం పెట్టండి. మాటలకంటే అది బాగా పనిచేస్తుంది.

పట్టిక ఎలా వేయాలంటే, బ్యాచ్‌కు ఒక వరుస తీసుకోండి. నిలువు గడుల్లో ఆన్‌లైన్ అలాట్‌మెంట్ వచ్చినవాళ్లు, వచ్చి రిపోర్టు చేసినవాళ్లు, రెండో నెల చివర హాజరు పట్టీలో నిజంగా ఉన్నవాళ్లు, మొదటి ఇంటర్నల్ రాసినవాళ్లు, మొదటి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, అన్ని పేపర్లూ పాసైనవాళ్లు, మూడో సెమిస్టర్‌లో కూర్చున్నవాళ్లు, ఐదో సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు, డిగ్రీ చేతికొచ్చినవాళ్లు. చాలా కాలేజీల్లో రెండో గడికీ మూడో గడికీ మధ్యే పెద్ద కోత ఉంటుంది. అది ఎవరికీ తెలియదు. ఎందుకంటే రీయింబర్స్‌మెంట్ కోసం హాజరు 75 శాతం ఉన్నట్టు పట్టీ నింపేస్తారు, కాగితం మీద పిల్లవాడు క్లాసులోనే ఉంటాడు. ఈ పట్టికకు మటుకు నిజం హాజరు వేరే పుస్తకంలో రాసుకోండి. ఆఫీసు పట్టీని కూడా నిజంలోకి తేవాలి. తనిఖీ వస్తే చిక్కేది కాలేజీయే కదా.

ఇక పిల్లలు ఎందుకు పోతున్నారన్నది. మీ ప్రాంతంలో మొదటి కారణం ఏ విద్యా నివేదికలోనూ కనిపించదు, అది సుగ్గి, అంటే కూలి పనులకు వలస. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం, మంత్రాలయం, హొళగుంద వైపు ఊళ్లలో ఖరీఫ్ అయిపోగానే ఇంటిల్లిపాదీ మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు, కొందరు కట్టడం పనులకు బెంగళూరు వైపు పోతారు. డిగ్రీ పిల్లవాడు కూడా రెండు చేతులే. ఇంట్లో ముసలవ్వను, చిన్నపిల్లల్ని చూసుకోమని ఆడపిల్లను వెనక వదిలినా ఆమెకు కాలేజీ లేనట్టే. వీళ్లలో చాలామంది పూర్తిగా మానేయాలని పోరు. తిరిగొచ్చేసరికి ఇంటర్నల్ పోయి ఉంటుంది, పరీక్ష ఫీజు గడువు దాటి ఉంటుంది, 'నన్ను డిటైన్ చేసేసినారంట' అని తోటివాళ్లు చెప్తే నమ్మి ఊరుకుంటారు. కాలేజీ నుంచి ఒక్క ఫోన్ కూడా పోదు.

దీనికి చేయగలిగిన పని దసరాకు ముందే మొదలవ్వాలి. ప్రతి సెక్షన్ ఇంచార్జి 'మీ ఇంట్లోవాళ్లు ఈసారి సుగ్గికి పోతారా, నువ్వు పోతావా, ఎన్నాళ్లు' అని అడిగి జాబితా రాయాలి. సిగ్గుపడతారు కాబట్టి క్లాసులో చేతులెత్తించవద్దు, ఒక్కొక్కరినీ పిలిచి అడగండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ సంక్షేమ కాలేజీ హాస్టల్‌లో సీటుకు దరఖాస్తు పెట్టించండి. హాస్టల్ దొరికిన పిల్లవాడు నూటికి తొంభై పాళ్లు నిలబడతాడని చెప్పలేను గానీ, దొరకనివాడికంటే ఎంతో మెరుగు. పరీక్ష ఫీజు గడువు ప్రకటన వచ్చిన రోజే వాళ్లకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపండి, తెలుగులోనో కన్నడంలోనో. మీ సరిహద్దు ఊళ్లలో ఇంట్లో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నోటీసుబోర్డు మీద ఇంగ్లిషులో అంటించిన సర్క్యులర్ గుంటూరు జిల్లాలో మిరప చేలో ఉన్నవాడికి చేరదు. వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు ఫోన్ చేయాలి. నెలాఖరుకు హాజరు శాతం తీసి చేసే ఫోన్ వల్ల ఉపయోగం లేదు, అప్పటికి వాడి మనసు కాలేజీ దాటిపోయి ఉంటుంది.

ఆడపిల్లల విషయంలో బస్సు ఇంకో కారణం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కాబట్టి ఖర్చు సమస్య చాలావరకు తీరింది, వేళల సమస్య తీరలేదు. సాయంత్రం చివరి పీరియడ్ 4-30కు వదిలి, ఆ ఊరి బస్సు 4-15కు పోతే ఆ పిల్ల చివరి పీరియడ్‌ను ఏడాదంతా వదులుకుంటుంది. ఆ పీరియడ్‌లో ఇంగ్లిషో అకౌంట్సో ఉంటే ఆ పేపర్ తప్పుతుంది. డిపోకు వెళ్లి రూట్ల వారీగా వేళలు రాసుకొచ్చి టైంటేబుల్ దానికి తగ్గట్టు మార్చండి. పైసా ఖర్చు లేని పని ఇది.

రెండో పెద్ద కారణం ఇంగ్లిషు మీడియం. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిషు మీడియమే. ఆ నిర్ణయం మంచిచెడ్డల చర్చ ఇక్కడ వద్దు. ఇంటర్ వరకూ తెలుగులో చదివి వచ్చిన పిల్లవాడు మొదటి సెమిస్టర్‌లో నాలుగైదు పేపర్లు తప్పితే రెండో ఏడాదికి రాడు, అది మీ పట్టికే చెప్తుంది. మామూలుగా కాలేజీలు చేసేది స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు పెట్టడం. దానివల్ల పరీక్షలో మార్కులు రావు. పిల్లలకు కావలసింది జవాబు రాసే ఇంగ్లిషు.

దగ్గరగా చూస్తే సంగతి ఇలా ఉంటుంది. కామర్స్ పేపర్‌లో క్యాపిటల్ ఖర్చుకూ రెవెన్యూ ఖర్చుకూ తేడా చూపమని అడుగుతారు. పిల్లవాడు మొదటిదానికి నాలుగు లైన్ల నిర్వచనం, రెండోదానికి నాలుగు లైన్ల నిర్వచనం రాసి వదిలేస్తాడు. గైడ్‌లో అలాగే విడివిడిగా ఉంటాయి, బట్టీ పట్టాడు. రెండు గడులు గీసి, ఎంతకాలం లాభం ఇస్తుంది, ఏ ఖాతాలోకి పోతుంది, మళ్లీమళ్లీ వస్తుందా రాదా అని పక్కపక్కన పెట్టాలని వాడికి ఎవరూ చెప్పలేదు. విషయం తెలిసీ సగం మార్కులు పోయాయి. ప్రశ్నలో మొదట వచ్చే క్రియ ఏం అడుగుతోందో వాడికి తెలియకపోవడమే కారణం. డిఫైన్, డిస్టింగ్విష్, డిస్కస్, డిరైవ్, ఇల్లస్ట్రేట్ లాంటి క్రియలు పట్టుమని పదిహేను ఉంటాయి. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని మొదటి మూడు వారాల్లో ఇవి నేర్పండి. పేపర్‌కు 100 నుంచి 150 దాకా పారిభాషిక పదాలు తెలుగు అర్థంతో ఒక షీటు మీద అచ్చేసి ఇవ్వండి. తర్వాత వారానికొకసారి 20 నిమిషాలు, క్లాసులోనే, పుస్తకం మూసి ఒక పేజీ జవాబు రాయించాలి. పాఠం తెలుగులో వివరించినా పరవాలేదు, రాయడం మటుకు ఇంగ్లిషులోనే. దిద్దేటప్పుడు ప్రతి తప్పునూ ఎర్రసిరాతో నింపొద్దు, పేజీకి రెండు తప్పులు చూపితే చాలు. ఇక్కడ చెడేది ఎక్కడంటే, లెక్చరర్ నోట్సు డిక్టేట్ చేయడం మొదలుపెడతాడు. పిల్లలు హాయిగా రాసుకుంటారు, క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, ప్రిన్సిపాల్ వరండాలో నడుస్తూ సంతోషిస్తారు. పరీక్షలో ఎవడూ సొంతంగా రెండు వాక్యాలు రాయలేడు.

కోర్సుల సంగతికొస్తాను. 2015-16లో సీబీసీఎస్ (క్రెడిట్ల లెక్కతో కొన్ని పేపర్లు విద్యార్థే ఎంచుకునే పద్ధతి), 2020-21లో నాలుగేళ్ల ఆనర్స్‌తో మారిన సీబీసీఎస్, 2023-24లో సింగిల్ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు ఒక్కటే. ఎనిమిదేళ్లలో మూడు పద్ధతులు. పాత ఎంపీసీ, బీజడ్‌సీ గ్రూపుల్లో ఒక ఫిజిక్స్ లెక్చరర్ రెండు మూడు గ్రూపులకు కలిపి పాఠం చెప్పేవాడు, లెక్క సరిపోయేది. మేజర్ ఒక్కటే అన్నప్పుడు ఆ సబ్జెక్టు పేపర్లన్నీ ఆ కొద్దిమందికే చెప్పాలి. బేసి సెమిస్టర్‌లో మూడు బ్యాచ్‌లకూ కలిపి ఒక మేజర్‌లో 9 పేపర్లు నడుస్తున్నాయనుకోండి. పేపర్‌కు వారానికి 3 గంటల థియరీ, 2 గంటల ల్యాబ్ అంటే 45 గంటలు. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన భారం వారానికి 16 గంటలు. కాబట్టి ముగ్గురు కావాలి. బ్యాచ్‌కు తొమ్మిదిమంది ఉన్న ఫిజిక్స్ మేజర్‌కు ముగ్గురి జీతం ఆ 27 మంది ఫీజుతో రాదు. అప్పుడేం జరుగుతుందో మీకు తెలుసు, ఒక్కరే అన్నీ చెప్తారు, ల్యాబ్ రికార్డులో మాత్రమే జరుగుతుంది. పద్ధతి రేపు మళ్లీ మారినా ఈ గుణకారం మారదు. కొత్త మేజర్ అడిగే ముందు పేపర్లు, గంటలు, లెక్చరర్లు అన్న ఈ మూడు అంకెలు వేసుకోండి. సెక్షన్‌కు ఎంతమంది వస్తే ముగ్గురి జీతం గిట్టుతుందో ఆ సంఖ్య రెండేళ్లు వరసగా రాని మేజర్‌ను మూసి, ఆ లెక్చరర్లను ఉన్న కోర్సుల్లో మైనర్ పేపర్లకు వాడండి. మూయడం నామర్దా అనుకోవద్దు.

పద్ధతులు మారిన కొద్దీ ఆఫీసులో ఇంకో చిక్కు. పాత బ్యాచ్‌లో సప్లిమెంటరీలు మిగిలినవాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్ల పేపర్ కోడ్ వేరు, కొత్త సిలబస్‌లో ఆ పేపర్‌కు సమానమైనది వేరు. ఫీజు కట్టించుకునే గుమాస్తా కొత్త కోడ్ వేస్తే పరీక్ష రాసినా మార్కులు మెమోలో ఎక్కవు. సుమారు 100 కిలోమీటర్లు కర్నూలు దాకా పోయి పరీక్షల విభాగంలో తిరగాల్సింది ఆ పిల్లవాడే. ఒక్కో పద్ధతికి ఒక రంగు రిజిస్టర్ పెట్టి, అందులో పేపర్ కోడ్, దానికి సమానమైన పేపర్, చివరి అవకాశం ఎప్పటిదాకా అన్నది మొదటి పేజీలో అంటించండి.

మీ బీసీఏ గురించి ఒక హెచ్చరిక. 2024-25 నుంచి బీసీఏ, బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. ఏటా ఆమోదం పొడిగింపు ఉత్తర్వు ఉండాలి, యూనివర్సిటీ అనుబంధం ఒక్కటీ చాలదు. పోర్టల్ తెరిచిన రోజుల్లోనే దరఖాస్తు వేయాలి. స్థలం, భవనం పత్రాలు సొసైటీ పేరున ఉన్నాయా, కరెస్పాండెంట్ సొంత పేరున ఉన్నాయా అన్నది ముందే చూసుకోండి. చిన్న కాలేజీలు అక్కడే ఆగిపోతాయి.

డబ్బు విషయం. గత ప్రభుత్వ హయాంలో రీయింబర్స్‌మెంట్ తల్లి ఖాతాకు, చివర్లో తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాకు పడేది. ఇంట్లో అవసరానికి వాడేసిన డబ్బు కాలేజీకి తిరిగిరాక గొడవలు. తర్వాత నేరుగా కాలేజీ ఖాతాకే అన్నారు. ఖాతా ఎవరిదైనా, వచ్చే వేళ మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది జాబితాలో మీ పిల్లల పేర్లు ఆగిపోకుండా చూడటం. ఆగిపోవడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: పదో తరగతి మెమోలో పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి, సచివాలయం సర్వేలో పిల్లవాడు వేరే ఇంటి కింద నమోదై ఉండటం (పెళ్లయిన అక్క ఇంట్లో ఉండి చదివేవాళ్లకు ఇది మామూలు), బయోమెట్రిక్ వేయకపోవడం, కుటుంబంలో ఎవరి పేరనో కారు ఉండటం. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక్కొక్కరి స్టేటస్ రీయింబర్స్‌మెంట్ పోర్టల్ జ్ఞానభూమిలో తెరిచి చూసి, ఆగినవాళ్లను పదేసిమంది చొప్పున వాళ్ల సచివాలయాలకు పంపండి. మార్చిలో తెలిస్తే చేయగలిగింది తక్కువ.

ఆధార్ దిద్దించేటప్పుడు జాగ్రత్త. పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని, ఇంటిపేరు అక్షరమా పూర్తిగానా అన్నది కూడా అచ్చం అలాగే ఉండేలా దిద్దించండి. ఇదే పని అపార్ నంబరుకు (దేశమంతా చెల్లే విద్యార్థి ఐడీ), పాసైన పేపర్ల క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు కూడా పనికొస్తుంది. 12 అంకెల ఆ ఐడీలో క్రెడిట్లు చేరకపోతే, మధ్యలో మానేసి తర్వాత చేరాలన్నా, వేరే యూనివర్సిటీకి మారాలన్నా దారి మూసుకుపోతుంది. క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతాయి. సుగ్గి వల్ల ఒక ఏడాది ఆగిపోయినవాడికి ఈ ఏర్పాటు నిజంగా ఉపయోగం. ఆ సంగతి వాడికి చెప్పేవాళ్లు ఉండాలి, అంతే.

బకాయి ఉందని టీసీ, ఒరిజినల్స్ పట్టుకోవడం మానేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అడ్మిషన్ రద్దు చేసుకున్నవాళ్లకు వాపసు ఇవ్వాల్సిన వాటా కూడా అందులోనే ఉంది. చివరి తేదీకి 15 రోజుల ముందు మానుకుంటే మొత్తం (ప్రాసెసింగ్ కింద 5 శాతం, మించకుండా 5 వేలు తగ్గించుకోవచ్చు), ఆ తర్వాత చివరి తేదీ లోపు 90 శాతం, దాటిన 15 రోజుల్లోపు 80, నెలలోపు 50. సర్టిఫికెట్ పట్టుకుంటే డబ్బు వస్తుందనే నమ్మకం తప్పు. ఆ పిల్లవాడు ఊళ్లో మీ గురించి చెప్పే మాట వచ్చే ఏడు అదే ఊరినుంచి ముగ్గురిని ఆపుతుంది. జీతాలకు చేయాల్సిందల్లా, రీయింబర్స్‌మెంట్ విడత పడ్డ రోజే నాలుగు నెలల జీతాల మొత్తం విడి ఖాతాలో వేసి తాళం వేయడం. రంగులూ ప్రహరీలూ ఆ తర్వాత. ఇది కరెస్పాండెంట్ గారికి రుచించకపోవచ్చు. కానీ ఏడాది మధ్యలో అకౌంట్స్ లెక్చరర్ మానేస్తే ఆ సెమిస్టర్ రిజల్టు ఏ ప్రహరీ కాపాడదు.

ఇంటర్న్‌షిప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2020 తర్వాత రాష్ట్రంలో డిగ్రీకి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు: మొదటి వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో వేసవిలో చిన్న ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద మంచి ఆలోచనే. జరిగేది ఏమిటంటే, జిరాక్స్ సెంటర్‌లో రిపోర్టు బైండింగుతో సహా దొరుకుతుంది, ఏదో ఊరూపేరూ లేని ఆన్‌లైన్ సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆరునెలలు కాలేజీకి రాని పిల్లవాడు మనసులోనే డిగ్రీ ముగించేస్తాడు, మిగిలిన సప్లీలు రాయడు. మీ పట్టికలో చివరి గడి కోత ఇక్కడిదే.

ఆదోనిలో కూర్చుని బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసం ఎదురుచూడక్కర్లేదు. మీ ఊళ్లో పత్తి యార్డు ఉంది, జిన్నింగ్ మిల్లులున్నాయి, నూనె మిల్లులున్నాయి, జీఎస్టీ లెక్కలు చూసే ట్యాక్స్ కన్సల్టెంట్లున్నారు. బీకాం పిల్లవాడు ఒక కన్సల్టెంట్ దగ్గర కూర్చుని పది వ్యాపారాల కొనుగోలు బిల్లులు ఎక్కించి, నెలనెలా జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు తయారవడం చూస్తే, వాడికి ఆ ఊళ్లోనే ఉద్యోగం ఉంది. కెమిస్ట్రీ పిల్లలకు నీటి పరీక్షలు, నూనె మిల్లు ల్యాబ్. బీసీఏ వాళ్లకు యార్డులో కమీషన్ దుకాణాల బిల్లింగు. ఏర్పాటు ఇలా చేయండి: ఒక్కో లెక్చరర్‌కు 15 మందికి మించకుండా పిల్లలు, ఒక్కో దుకాణానికి ఇద్దరికి మించకుండా, యజమానితో ఒక పేజీ ఒప్పందం, అందులో పిల్లవాడు చేయబోయే మూడు పనులు రాసి ఉండాలి, వారానికొక లాగ్‌బుక్ పేజీ చేతిరాతతో, పదిహేను రోజులకొకసారి కాలేజీకి రావాల్సిందే, ఆ రోజే సప్లీ పేపర్ల క్లాసు పెట్టండి. వైవాలో రిపోర్టు గురించి అడగొద్దు. 'నువ్వు చూసిన బిల్లుల్లో తప్పున్న బిల్లు ఒకటి చెప్పు, ఎలా పట్టుకున్నావు' అని అడగండి. పని చేసినవాడు వెంటనే చెప్తాడు.

ఏఐతో రాయించిన అసైన్‌మెంట్లకూ ఇదే మందు. సాఫ్ట్‌వేర్ పెట్టి పట్టుకుందామనుకుంటే అది నిర్దోషిని కూడా పట్టుకుంటుంది. అసైన్‌మెంట్ మార్కులు సగానికి తగ్గించి, మిగతా సగం క్లాసులో రాయించే ఆ 20 నిమిషాల పేజీకి ఇవ్వండి.

లెక్చరర్లు దొరకని సబ్జెక్టులకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లోని కోర్సులు వాడుకోవచ్చు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులను అలా చేయనివ్వొచ్చు, యూనివర్సిటీ ఆ కోర్సును ఒప్పుకుని ఉండాలి. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకు ఉత్తమమైన 8 అసైన్‌మెంట్ల సగటు 25 మార్కులకు, పరీక్ష 75కు. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రెండూ విడివిడిగా దాటాలి. పిల్లలు తప్పేది అసైన్‌మెంట్ల దగ్గరే, గడువు దాటిపోతుంది. వారానికొక ల్యాబ్ గంట కేటాయించి అందరినీ కూర్చోబెట్టి పెట్టించకపోతే ఇది సాగదు.

ఇక న్యాక్. ఇన్నాళ్లూ నడిచిన పద్ధతిలో అనుబంధ కాలేజీకి 1000 మార్కుల్లో 350 ఒక్క బోధన, మూల్యాంకనం అంశానికే. సీట్లు నిండటం, విద్యార్థి-అధ్యాపక నిష్పత్తి, పూర్తికాల లెక్చరర్ల అర్హతలు, ఉత్తీర్ణత శాతం, విద్యార్థుల సంతృప్తి సర్వే అందులోనివే. పైన చెప్పిన పట్టిక, లాగ్‌బుక్కులు, ఫోన్ రిజిస్టర్, రాత పేజీలు, బస్సు వేళలకు మార్చిన టైంటేబుల్ ఇవన్నీ తేదీలతో దాస్తే మీకు ఆధారాలు వాటంతటవే పోగవుతాయి. న్యాక్ గ్రేడుల స్థానంలో ఉందా లేదా అన్న రెండు ముక్కల అక్రిడిటేషన్‌కు మారతామని ప్రకటించింది కాబట్టి ఈలోపు తొందర కూడా లేదు. ఫలానా గ్రేడు గ్యారంటీ అని వచ్చే కన్సల్టెంట్లను గుమ్మంలోనే ఆపండి. 2025 ఫిబ్రవరిలో తనిఖీ బృందంలోనివాళ్లనే సీబీఐ లంచం కేసులో అరెస్టు చేసింది, ఆ సంగతి కరెస్పాండెంట్ గారికి గుర్తుచేయండి. ఎక్కువగా ఆధారాల పరిశీలన దగ్గర తిప్పికొట్టేది తేదీ, స్థలం లేని ఫొటోల్ని, సంతకం లేని మినిట్స్‌ను, ఏడాది చివర ఒకేరోజు ఒకే పెన్నుతో రాసిన రిజిస్టర్లను.

మీరు పట్టిక వేశాక బీకాం, బీఎస్సీ, బీసీఏ వేర్వేరుగా, అమ్మాయిలు అబ్బాయిలు వేర్వేరుగా, గత మూడు బ్యాచ్‌లవి పెట్టండి. ఏ గడి దగ్గర పెద్ద కోత పడిందో చూస్తే, వచ్చే జూన్‌కు ముందు సుగ్గి జాబితా పని పట్టాలా, రాత పేజీ పని పట్టాలా అన్నది చెప్పగలను. ఆఫీసు హాజరు కాకుండా నిజం హాజరుతో వేసిన పట్టికే పంపండి.